బటన్ నొక్కితే కోడ్ కదలాలి: క్యూట్ సిగ్నళ్లు, స్లాట్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

బటన్‌ను తెర మీదికి తేవడం అరగంట పని. దానికీ మీరు రాసిన ఫంక్షన్‌కూ ముడి వేసి, ఆ ముడి ఊడిపోకుండా, తెలియకుండా రెండోసారి పడకుండా చూసుకోవడం నేర్చుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది. చిన్న దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తూ, కొత్తగా చేరినవారికి నేర్పుతూ వచ్చినన్నాళ్లూ వారు నన్ను అడిగినవీ, అంతకుముందు నేను తల బాదుకున్నవీ కలిపి ఈ ప్రశ్నలు.

క్యూట్ అంటే బటన్లు, విండోలు ఉన్న ప్రోగ్రాములు రాయడానికి వాడే లైబ్రరీ. ఇక్కడి విషయాలు క్యూట్ 5, క్యూట్ 6 వెర్షన్లకు వర్తిస్తాయి. సీ ప్లస్ ప్లస్‌లో రాసేవారినీ, పైథాన్‌లో రాసేవారినీ ఇద్దరినీ దృష్టిలో పెట్టుకున్నాను. ఫంక్షన్ల పేర్లు పలికినట్టే తెలుగు లిపిలో ఇచ్చాను. ‘టెక్స్ట్ ఛేంజ్డ్’ అని ఇక్కడ కనిపిస్తే, కోడ్‌లో ఆ రెండు మాటలనూ కలిపి రాయాలి. అన్నట్టు, మన దగ్గర చాలామంది దీన్ని ‘క్యూ టీ’ అని అక్షరాలు విడదీసి పలుకుతారు. తయారుచేసినవారు మాత్రం ‘క్యూట్’ అనే అంటారు.

బటన్ నొక్కగానే నా ఫంక్షన్‌ను పిలిచేది ఎవరు?

మీరు మౌస్ నొక్కిన సంగతి మొదట ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలుస్తుంది. విండోస్ అయితే ఒక మెసేజ్‌గా, లినక్స్ అయితే ఎక్స్ 11 లేదా వేలాండ్ ద్వారా ఆ కబురు మీ ప్రోగ్రామ్‌కు చేరుతుంది. అక్కడ క్యూట్ ఈవెంట్ లూప్ కాచుకుని కూర్చుని ఉంటుంది. మెయిన్ ఫంక్షన్ చివర మీరు రాసే ‘ఎగ్జెక్’ అనే పిలుపే ఆ లూప్. అది కబురు అందుకుని, ఆ చోట ఏ విడ్జెట్ (బటన్, పెట్టె లాంటి తెర మీది వస్తువు) ఉందో వెతికి, దాని చేతికి మౌస్ ఈవెంట్ అందిస్తుంది.

ఇక్కడి నుంచి పని బటన్‌ది. వేలు నొక్కడం ఒక ఈవెంట్, వదలడం మరొకటి. నొక్కినది తన మీదే, వదిలినదీ తన మీదే అయితేనే బటన్ దాన్ని క్లిక్‌గా లెక్కిస్తుంది. బటన్ మీద నొక్కిపట్టి, పాయింటర్‌ను పక్కకు లాగి వదిలి చూడండి, ఏమీ జరగదు. కీబోర్డులో స్పేస్ నొక్కినా, షార్ట్‌కట్ వాడినా క్లిక్ కిందికే వస్తుంది. అలా తేల్చుకున్నాక బటన్ ‘క్లిక్డ్’ అనే సిగ్నల్ వెలువరిస్తుంది. ఆ సిగ్నల్‌కు ముడిపడి ఉన్న ఫంక్షన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. ఆ ఫంక్షన్లనే స్లాట్లు అంటాం.

అంటే మీ ఫంక్షన్ నడుస్తున్నంతసేపూ ఈవెంట్ లూప్ దాని వెనక నిలబడి ఎదురుచూస్తూ ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, కింద విండో బిగుసుకుపోయే ప్రశ్న దగ్గర పనికొస్తుంది.

అయితే ఈవెంట్, సిగ్నల్ రెండూ ఒకటే కదా?

కావు. ఈవెంట్ రిజిస్టర్డ్ పోస్టు లాంటిది. చిరునామా ఉన్న ఒక్క ఆబ్జెక్టుకే వస్తుంది, తీసుకోవాలో తిప్పి పంపాలో అదే తేల్చుకోవాలి. సిగ్నల్ ఊళ్లో వేసే దండోరా. వేసేవాడికి ఎవరు విన్నారో పట్టదు, ఎవరూ వినకపోయినా దండోరా ఆగదు.

దీనివల్ల రాసే పద్ధతి మారుతుంది. సిగ్నల్ అయితే బయటి నుంచి కనెక్ట్ చేస్తే చాలు. ఈవెంట్‌ను పట్టుకోవాలంటే ఆ విడ్జెట్ క్లాస్ నుంచి మీ సొంత క్లాస్ చేసుకుని, సంబంధించిన ఫంక్షన్‌ను తిరిగి రాయాలి, లేదా ఈవెంట్ ఫిల్టర్ తగిలించాలి. ‘సేవ్ చేయకుండానే మూసేస్తారా?’ అని అడగాలనుకోండి. దానికి సిగ్నల్ కోసం వెతకడం వృథా, ఎందుకంటే మూయడాన్ని ఆపే హక్కు మీకు కావాలి. ‘క్లోజ్ ఈవెంట్’ను తిరిగి రాసి, వాడుకరి వద్దంటే ఆ ఈవెంట్‌ను ‘ఇగ్నోర్’ చేయాలి. అలాగే ఒక్క వరుస పట్టే పెట్టెలో ఎంటర్ నొక్కితే ‘రిటర్న్ ప్రెస్డ్’ అనే సిగ్నల్ వస్తుంది. ఎక్కువ వరుసలు పట్టే పెట్టెలో ఎంటర్ అంటే కొత్త వరుస, కాబట్టి అక్కడ ఆ సిగ్నల్ లేదు. కావాలంటే ఈవెంట్ ఫిల్టరే దారి.

ఇంత తతంగం ఎందుకు? ఫంక్షన్ చిరునామా నేరుగా ఇస్తే సరిపోదా?

పాత పద్ధతి అదే. 1990ల తొలినాళ్లలో యునిక్స్ మీద మోటిఫ్ అనే పాత విండోల లైబ్రరీతో రాసేవారు కాల్‌బ్యాక్ ఫంక్షన్ చిరునామా, దానితోపాటు రకం తెలియని ఒక పాయింటర్ అప్పగించేవారు. ఆ పాయింటర్ వెనక ఏముందో కంపైలర్‌కు తెలియదు. తప్పు రకంగా మార్చుకుంటే ప్రోగ్రామ్ కుప్పకూలేదాకా మీకూ తెలియదు.

నార్వేకు చెందిన హావార్డ్ నోర్డ్, ఐరిక్ చాంబే-ఎంగ్ 1991లో క్యూట్ పని మొదలుపెట్టారు. ఆ చిరునామాల పద్ధతికి బదులుగా సిగ్నళ్లు, స్లాట్ల ఆలోచన 1992లో ఐరిక్‌కు తట్టింది. 1994లో వారు పెట్టిన సంస్థే తర్వాత ట్రోల్‌టెక్‌గా పేరుపొందింది. 1995 మేలో క్యూట్ మొదటిసారి జనం చేతికి వచ్చింది. 2008లో నోకియా ఆ సంస్థను కొన్నది, ఆ తర్వాత డిజియా చేతుల మీదుగా ఇప్పటి క్యూట్ కంపెనీ దగ్గరికి చేరింది. యజమానులు ఇంతమంది మారినా ‘కనెక్ట్’ అనే పిలుపు నిలిచే ఉంది.

కనెక్ట్ రాయడానికి రెండు పద్ధతులు కనిపిస్తున్నాయి. ఏది వాడాలి?

కొత్తది. పాత పద్ధతిలో సిగ్నల్ పేరునూ స్లాట్ పేరునూ మాక్రోల్లో చుట్టి ఇస్తాం. అవి లోపల ఉత్త అక్షరాల వరుసలుగా మారిపోతాయి. పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా కంపైలర్ నోరెత్తదు. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ‘నో సచ్ సిగ్నల్’ అనో ‘నో సచ్ స్లాట్’ అనో ఒక వాక్యం కన్సోల్‌లో పడుతుంది. విండోస్‌లో గ్రాఫికల్ ప్రోగ్రామ్‌కు సాధారణంగా కన్సోల్ ఉండదు, కాబట్టి డీబగర్‌లో నడిపితే తప్ప ఆ వాక్యమూ కనబడదు. 2012 డిసెంబరులో వచ్చిన క్యూట్ 5.0 నుంచి ఫంక్షన్ల చిరునామాలే నేరుగా ఇవ్వవచ్చు. తప్పుంటే కంపైలర్ అక్కడే ఆపుతుంది.

కొత్త పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ఒకే పేరుతో రెండు సిగ్నళ్లు ఉంటే ఏది కావాలో కంపైలర్‌కు తెలియదు. క్యూట్ 5లో స్పిన్ బాక్స్‌కు (అంకెను పెంచే, తగ్గించే పెట్టె) ‘వాల్యూ ఛేంజ్డ్’ రెండు రూపాల్లో ఉండేది, ఒకటి అంకెతో, ఇంకొకటి అక్షరాలతో. అక్కడ ‘క్యూ ఓవర్‌లోడ్’తో ఏదో ఒకటి ఎంచి చెప్పాలి. క్యూట్ 6లో అక్షరాల రూపాన్ని తీసేశారు, దానికి ‘టెక్స్ట్ ఛేంజ్డ్’ అని వేరే పేరు పెట్టారు.

‘అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్ టు వీటేబుల్’ అంటోంది. వీటేబుల్ నేను రాయనేలేదు!

మీ క్లాస్ మొదట్లో ‘క్యూ ఆబ్జెక్ట్’ మాక్రో (దీన్ని మాత్రం పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్‌తో రాయాలి) రాసి, ఆ ఫైలును మాక్ చదవకుండా వదిలేసి ఉంటారు. మాక్ అంటే మెటా ఆబ్జెక్ట్ కంపైలర్. మీ హెడర్ ఫైలు చదివి, సిగ్నళ్లకు కావలసిన సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను తానే రాసిపెట్టే చిన్న ప్రోగ్రామ్ అది. బిల్డ్ చేయడానికి సీమేక్ వాడుతుంటే ‘ఆటోమాక్’ ఆన్ చేయండి. క్యూమేక్ అయితే దాన్ని మళ్లీ ఒకసారి నడిపించి మొదటి నుంచి బిల్డ్ చేయండి. క్లాస్‌ను హెడర్‌లో కాకుండా సీపీపీ ఫైలులోనే రాసి ఉంటే, ఆ ఫైలు చివర దాని మాక్ ఫైలును ఇంక్లూడ్ చేయాలి. పైథాన్‌లో ఈ బాధ లేదు.

కనెక్ట్ చేశాను. తప్పేమీ చూపించలేదు. అయినా ఏమీ జరగడం లేదు.

ముందు స్లాట్ మొదటి వరుసలో ఒక ప్రింట్ పెట్టండి. అది కనిపిస్తే ముడి బాగానే ఉంది, తప్పు స్లాట్ లోపల ఉంది. కనిపించకపోతేనే కిందివి చదవండి.

నేను చూసినవాటిలో అన్నింటికంటే ఎక్కువ ఇదే: కనెక్ట్ చేసిన బటన్ వేరు, తెర మీద కనిపిస్తున్న బటన్ వేరు. డైలాగ్‌ను ఒకచోట సృష్టించి కనెక్ట్ చేస్తారు, చూపించే చోట అదే క్లాస్‌తో ఇంకొకటి సృష్టించి దాన్ని చూపిస్తారు. రెండూ కవలల్లా ఉంటాయి. కనెక్ట్ దగ్గర ఒకసారి, చూపించే దగ్గర ఒకసారి ఆబ్జెక్ట్ చిరునామాను ముద్రించి పోల్చండి, అనుమానం తీరిపోతుంది.

రెండోది ఆయుష్షు. స్లాట్ ఉన్న ఆబ్జెక్టును ఫంక్షన్ లోపల మామూలు వేరియబుల్‌గా సృష్టిస్తే, ఆ ఫంక్షన్ ముగియగానే అది పోతుంది. అది పోతే దానికి పడ్డ ముళ్లన్నీ క్యూట్ చప్పుడు లేకుండా విప్పేస్తుంది. పైథాన్‌లో ఇది ఇంకా తమాషాగా కనిపిస్తుంది. ఫంక్షన్‌లో విండో సృష్టించి, చూపించి, ఎక్కడా దాచుకోకపోతే అది కళ్ల ముందే మెరుపులా వచ్చి మాయమవుతుంది.

ఇంకా ‘బ్లాక్ సిగ్నల్స్’ అని ఎక్కడో ఆపి మళ్లీ తెరవడం మరిచి ఉండవచ్చు. బటన్ డిసేబుల్ అయి ఉండవచ్చు. కంటికి కనిపించని విడ్జెట్ ఏదో బటన్ మీద పరుచుకుని క్లిక్కులన్నీ తానే మింగుతూ ఉండవచ్చు. లేఅవుట్ వాడకుండా కొలతలు చేత్తో ఇచ్చేవారికి ఈ చివరిది తరచూ ఎదురవుతుంది.

పైథాన్‌వారికి మరో మాట. పైథాన్‌లో క్యూట్‌ను వాడేది పైసైడ్ లేదా పైక్యూట్ అనే లైబ్రరీ ద్వారా. స్లాట్‌లో ఎక్సెప్షన్ వస్తే పైసైడ్ దాన్ని కన్సోల్‌లో ముద్రించి ముందుకు సాగిపోతుంది. కన్సోల్ చూడనివారికి ‘ఏమీ జరగలేదు’ అనే అనిపిస్తుంది. పైక్యూట్ 5.5 నుంచి మాత్రం పట్టుకోని ఎక్సెప్షన్ ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. మొదట్లో నాకు ఇది మొరటుగా తోచింది. ఇప్పుడు ఇదే మేలనిపిస్తుంది.

ఒక్కసారి నొక్కితే స్లాట్ రెండుసార్లు నడుస్తోంది. ఎందుకు?

ఒక మందుల దుకాణానికి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసి ఇచ్చాను. వారం తర్వాత యజమాని ఫోన్ చేశారు. ‘పొద్దున ఒక కాపీ వస్తోందండీ, సాయంత్రానికి పదకొండు వస్తున్నాయి’ అన్నారు. అప్పటికే ఆయన ప్రింటర్‌ను ఒకసారి మరమ్మతుకు పంపి తెప్పించారు కూడా. ప్రింటర్ తప్పేమీ లేదు. కస్టమర్ వివరాల విండో తెరిచే ఫంక్షన్‌లో నేను కనెక్ట్ రాశాను. ప్రింట్ పని చూసే ఆబ్జెక్ట్ మాత్రం ప్రోగ్రామ్ మొదలైనప్పటి నుంచి ఒక్కటే. విండో తెరిచిన ప్రతిసారీ దానికి ఇంకో ముడి పడుతూ వచ్చింది. ఒకే సిగ్నల్‌నూ ఒకే స్లాట్‌నూ పదిసార్లు కనెక్ట్ చేస్తే పది ముళ్లు పడతాయి, సిగ్నల్ ఒకసారి వెలువడితే స్లాట్ పదిసార్లు నడుస్తుంది. క్యూట్ దాన్ని తప్పుగా చూడదు.

మందు: కనెక్ట్‌లను ఆబ్జెక్ట్ పుట్టే చోటే, అంటే కన్‌స్ట్రక్టర్‌లోనే రాయండి. తెరిచే, చూపించే, తాజా చేసే ఫంక్షన్లలో రాయకండి. అది కుదరని చోట ‘యునీక్ కనెక్షన్’ అనే గుర్తు జోడిస్తే రెండో ముడి పడదు. కానీ లాంబ్డాలకు, అంటే పేరు పెట్టకుండా అక్కడికక్కడే రాసే చిన్న ఫంక్షన్లకు, ఆ గుర్తు పనిచేయదు. రెండు లాంబ్డాలు ఒకటో కాదో క్యూట్‌కు తెలుసుకునే దారి లేదు.

ఇదే జబ్బుకు ఇంకో మూలం పేర్లతో జరిగే ఆటోమేటిక్ ముడి. క్యూట్ క్రియేటర్‌లోని డిజైనర్‌లో (విండోలను మౌస్‌తో గీసే పనిముట్టు) ‘గో టు స్లాట్’ నొక్కితే ‘ఆన్’, బటన్ పేరు, ‘క్లిక్డ్’ అనే మూడింటినీ అండర్‌స్కోర్‌లతో కలిపి ఒక ఫంక్షన్ తయారవుతుంది. ఆ పేరును బట్టి క్యూట్ తానే కనెక్ట్ చేసేస్తుంది. అది తెలియక మీరు మళ్లీ కనెక్ట్ రాస్తే రెండు ముళ్లు. పైక్యూట్‌లో మీరు ఏమీ రాయకపోయినా రెండుసార్లు నడవవచ్చు. ‘క్లిక్డ్’ సిగ్నల్‌కు ఆర్గ్యుమెంట్ ఉన్న రూపం, లేని రూపం రెండూ ఉన్నాయి, రెండింటికీ ముడి పడుతుంది. ఫంక్షన్ మీద ‘పైక్యూట్ స్లాట్’ డెకరేటర్ పెట్టి ఏ రూపమో చెబితే తగ్గిపోతుంది.

నన్నడిగితే ఈ పేర్ల ముడిని అసలు వాడవద్దు. డిజైనర్‌లో బటన్ పేరు మార్చిన మరుక్షణం అది తెగిపోతుంది. నడిచేటప్పుడు కన్సోల్‌లో ఒక హెచ్చరిక పడుతుంది, అంతే.

పైథాన్‌లో ప్రోగ్రామ్ మొదలవగానే, బటన్ నొక్కకముందే స్లాట్ నడిచిపోతోంది.

కనెక్ట్ లోపల ఫంక్షన్ పేరు తర్వాత బ్రాకెట్లు పెట్టారు. తీసేయండి. బ్రాకెట్లు పెడితే ఫంక్షన్‌ను అప్పుడే పిలిచినట్టు, కనెక్ట్ చేతికి చిక్కేది అది తిరిగిచ్చిన విలువ.

లూప్‌లో పది బటన్లు చేశాను. ఏది నొక్కినా చివరి బటన్ అంకే వస్తోంది.

ఇది క్యూట్ తప్పు కాదు, పైథాన్ స్వభావం. లాంబ్డా లోపల రాసిన వేరియబుల్ విలువను పైథాన్ లాంబ్డా పుట్టినప్పుడు చూడదు, నడిచినప్పుడు చూస్తుంది. మీరు బటన్ నొక్కేసరికి లూప్ ముగిసి, ఆ వేరియబుల్‌లో చివరి అంకె మాత్రమే మిగిలి ఉంటుంది.

అందరూ చెప్పే చిట్కా, ఆ విలువను లాంబ్డా డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వమని. అలా ఇస్తే పైక్యూట్‌లో మరో వింత ఎదురవుతుంది: అంకెకు బదులు ‘ఫాల్స్’ వస్తుంది. ‘క్లిక్డ్’ సిగ్నల్ బటన్ చెక్ అయి ఉందో లేదో చెప్పే విలువను వెంట తెస్తుంది, అది వచ్చి మీ మొదటి ఆర్గ్యుమెంట్ స్థానంలో కూర్చుంటుంది. లాంబ్డాకు ముందు ‘చెక్డ్’ అనే ఆర్గ్యుమెంట్ ఒకటి ఇచ్చి, ఆ తర్వాత మీది పెట్టండి. ఇంతకంటే శుభ్రమైన దారి బటన్ గ్రూప్. ప్రతి బటన్‌నూ ఒక అంకెతో గ్రూప్‌లో చేర్చి, గ్రూప్ ఇచ్చే ‘ఐడీ క్లిక్డ్’ సిగ్నల్‌ను ఒక్కసారి కనెక్ట్ చేస్తే చాలు. ఇది క్యూట్ 5.15 నుంచి ఉంది.

సీ ప్లస్ ప్లస్‌లో లాంబ్డా కనెక్ట్ చేశాను. అప్పుడప్పుడు మాత్రమే క్రాష్ అవుతోంది.

‘అప్పుడప్పుడు’ అన్నారంటే ఆయుష్షు సమస్యే. స్లాట్‌గా ఒక ఆబ్జెక్ట్ ఫంక్షన్‌ను ఇస్తే, ఆ ఆబ్జెక్ట్ పోగానే క్యూట్ ముడి విప్పుతుందని పైన చెప్పాను. లాంబ్డాను ఒంటరిగా ఇస్తే అది ఎవరి తాలూకో క్యూట్‌కు తెలియదు. సిగ్నల్ పంపే ఆబ్జెక్ట్ బతికి ఉన్నంతకాలం ముడి కూడా బతికే ఉంటుంది. లాంబ్డా పట్టుకున్న విండో ఎప్పుడో మూతపడి, మెమరీ నుంచి వెళ్లిపోయి ఉంటుంది. తర్వాతి సిగ్నల్‌కు లాంబ్డా వెళ్లి ఆ ఖాళీ జాగాను తట్టుతుంది.

అందుకే కనెక్ట్‌లో సిగ్నల్ తర్వాత, లాంబ్డాకు ముందు ఒక కాంటెక్స్ట్ ఆబ్జెక్ట్ ఇవ్వండి. చాలాసార్లు అది ‘దిస్’ అవుతుంది. ఆ ఆబ్జెక్ట్ పోతే ముడీ పోతుంది. మా దగ్గర కాంటెక్స్ట్ లేని లాంబ్డా కనెక్ట్ కనిపిస్తే కోడ్ సమీక్షలో నేను వెనక్కి పంపేస్తాను, కారణం కూడా రాయను. స్థానిక వేరియబుళ్లను రెఫరెన్స్‌తో పట్టుకునే లాంబ్డా కూడా అంతే ప్రమాదం: లాంబ్డా నడిచేసరికి ఆ వేరియబుళ్లు ఉండవు.

సీ షార్ప్ నుంచి వచ్చాను. అక్కడి ఈవెంట్లకూ దీనికీ తేడా ఏమిటి?

అక్కడ ఈవెంట్ పంపే ఆబ్జెక్ట్ వినే ఆబ్జెక్టును పట్టుకుని ఉంచుతుంది. విప్పడం మరిస్తే వినే ఆబ్జెక్ట్ మెమరీ నుంచి కదలదు. ఇక్కడ దానికి వ్యతిరేకం, కనెక్ట్ ఎవరి ఆయుష్షునూ పొడిగించదు. అక్కడి అలవాటుతో ‘కనెక్ట్ చేశాను కదా, బతికే ఉంటుంది’ అనుకోకండి.

బటన్ నొక్కితే విండో మొత్తం బిగుసుకుపోతోంది.

మొదటి ప్రశ్నలో గుర్తుంచుకోమన్నది ఇదే. స్లాట్ ముగిసేదాకా ఈవెంట్ లూప్ కదలదు. ఈలోగా వచ్చిన క్లిక్కులు, తెర గీయమనే కబుర్లు అన్నీ వరుసలో నిలబడతాయి. 5 సెకన్లపాటు కబుర్లు అందుకోకపోతే విండోస్ మీ విండోకు ‘నాట్ రెస్పాండింగ్’ అని తగిలిస్తుంది. స్లాట్‌లో ఫైలు డౌన్‌లోడ్, పెద్ద డేటాబేస్ వెతుకులాట, స్లీప్ పిలుపు, ఏది ఉన్నా ఇదే గతి.

చాలామంది ముందు పట్టుకునే మందు ‘ప్రాసెస్ ఈవెంట్స్’. లూప్ మధ్యలో దాన్ని పిలిస్తే విండో కదులుతుంది, నిజమే. దానితోపాటు బటన్ కూడా ప్రాణం పోసుకుంటుంది. ఓపిక లేని వాడుకరి మళ్లీ నొక్కుతాడు, సగంలో ఉన్న స్లాట్ లోపలే అదే స్లాట్ మళ్లీ మొదలవుతుంది. కనీసం బటన్‌ను డిసేబుల్ చేశాకే ఆ పిలుపు జోలికి వెళ్లండి.

సరైన దారి పనిని వేరే థ్రెడ్‌కు, అంటే ప్రోగ్రామ్ లోపలే పక్కపక్కన నడిచే ఇంకో పని వరుసకు, పంపడం. పని చేసే ఆబ్జెక్ట్ ఒకటి తయారుచేసి, ‘మూవ్ టు థ్రెడ్’తో దాన్ని కొత్త థ్రెడ్‌కు తరలించి, మొదలుపెట్టమని ఒక సిగ్నల్‌తో చెప్పండి. అది తన ఫలితాన్ని ఇంకో సిగ్నల్‌తో వెనక్కి పంపుతుంది. పంపినవారు, అందుకునేవారు వేర్వేరు థ్రెడ్లలో ఉన్నారని క్యూట్ సిగ్నల్ వెలువడే క్షణంలో గమనించి, స్లాట్‌ను అక్కడికక్కడ నడపకుండా అందుకునేవారి ఈవెంట్ వరుసలో వేస్తుంది. తాళాలు మీరు వేయనక్కర్లేదు.

ఇక్కడ జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి. విడ్జెట్లను మెయిన్ థ్రెడ్ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. పక్క థ్రెడ్ నుంచి నేరుగా లేబుల్ మార్చితే మీ కంప్యూటర్‌లో వందసార్లు పనిచేసి, కస్టమర్ దగ్గర మొదటిసారే కూలుతుంది. రెండోది, క్యూథ్రెడ్ నుంచి సొంత క్లాస్ చేసుకుని అందులో స్లాట్లు రాస్తే అవి కొత్త థ్రెడ్‌లో నడుస్తాయనుకోవడం. క్యూథ్రెడ్ ఆబ్జెక్ట్ తాను పుట్టిన థ్రెడ్‌కే చెందుతుంది, దాని స్లాట్లూ అక్కడే నడుస్తాయి. కొత్త థ్రెడ్‌లో నడిచేది ‘రన్’ ఒక్కటే. మూడోది, సీ ప్లస్ ప్లస్‌లో కాంటెక్స్ట్ లేని లాంబ్డా సిగ్నల్ పంపిన థ్రెడ్‌లోనే నడుస్తుంది. కోడ్ సమీక్షలో ఒంటరి లాంబ్డాలను నేను వెనక్కి పంపడానికి ఇదీ ఒక కారణం.

క్యూట్ 5లో ‘కెనాట్ క్యూ ఆర్గ్యుమెంట్స్ ఆఫ్ టైప్’ అని వస్తే, మీ సొంత డేటా రకాన్ని ‘క్యూ రిజిస్టర్ మెటా టైప్’తో ముందుగా నమోదు చేయండి. కనెక్ట్‌లో ‘బ్లాకింగ్ క్యూడ్’ రకాన్ని (స్లాట్ ముగిసేదాకా పంపినవారిని ఆపి ఉంచేది) ఒకే థ్రెడ్‌లోని ఇద్దరి మధ్య వాడితే ప్రోగ్రామ్ తన కోసం తానే ఎదురుచూస్తూ నిలిచిపోతుంది.

పైథాన్‌వారికి: నెట్‌వర్క్, డిస్క్ పనులకు థ్రెడ్ బాగా పనికొస్తుంది. ఉత్త పైథాన్‌లో భారీ లెక్కలైతే ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చే గిల్ అనే పైథాన్ తాళం వల్ల విండో తడబడుతూనే ఉంటుంది. వాటిని వేరే ప్రాసెస్‌కు పంపండి.

తెలుగులో టైపు చేస్తుంటే నా వెతుకులాట పెట్టె సరిగ్గా పనిచేయడం లేదు. ఇంగ్లిషులో బాగానే ఉంది.

మీరు ‘కీ ప్రెస్ ఈవెంట్’ను పట్టుకుని, నొక్కిన కీని బట్టి అక్షరాన్ని ఊహిస్తున్నారు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో చాలావరకు ఒక కీ ఒక కోడ్‌ను ఇస్తుంది కాబట్టి కొంతవరకు నెట్టుకురావచ్చు. ఇంగ్లిషు అక్షరాలు కొట్టి తెలుగు రాసే పద్ధతుల్లో మీరు కొట్టిన అక్షరాలను ఇన్‌పుట్ మెథడ్ అనే సాఫ్ట్‌వేర్ మధ్యలోనే అందుకుంటుంది. అది తేల్చుకునేదాకా పెట్టెలో కనిపించేది తాత్కాలిక పాఠం, ప్రీఎడిట్ అంటారు. ఆ దశలో ‘టెక్స్ట్ ఛేంజ్డ్’ సిగ్నల్ రాదు. అక్షరం ఖాయమయ్యాకే వస్తుంది. కాబట్టి కీలను వదిలేసి ‘టెక్స్ట్ ఛేంజ్డ్’ను వినండి. సొంతంగా విడ్జెట్ రాస్తుంటే ‘ఇన్‌పుట్ మెథడ్ ఈవెంట్’ను కూడా తిరిగి రాయాలి, లేకపోతే మీ పెట్టెలో తెలుగు అడుగే పెట్టదు.

సిగ్నల్ వచ్చిన ప్రతిసారీ డేటాబేస్‌కు పరుగెత్తవద్దు. 300 మిల్లీసెకన్ల సింగిల్ షాట్ టైమర్ పెట్టి, ప్రతి సిగ్నల్‌కూ దాన్ని మొదటి నుంచి ప్రారంభించండి. చేయి ఆగాక వెతకండి.

తెలుగుకు సంబంధించినవే మరో రెండు ఉచ్చులు. పేరు పెట్టెలో ‘అక్షరాలు మాత్రమే’ అని తనిఖీ పెట్టి, ప్రతి కోడ్‌నూ ‘ఈజ్ లెటర్’ అని అడుగుతారు. ‘కమల’ దాటిపోతుంది, ‘సీత’ ఆగిపోతుంది. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులు అక్షరాలు కావు, చిహ్నాలు. పైథాన్‌లోని ‘ఈజ్ ఆల్ఫా’ కూడా సీతను ఇలాగే నిలబెడుతుంది. తనిఖీలో చిహ్నాలను కూడా అనుమతించండి. రెండోది ‘మాక్స్ లెంగ్త్’. కంటికి ‘శ్రీ’ ఒక్క అక్షరం, లెక్కకు నాలుగు: శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఇంగ్లిషు పేర్లను చూసి 20 అని పరిమితి పెట్టిన పెట్టెలో మన ఇంటిపేరుతో కలిపి పూర్తి పేరు పట్టదు.

కోడ్ నుంచి విలువ మార్చినా స్లాట్ నడుస్తోంది. వాడుకరి మార్చినప్పుడు మాత్రమే నడవాలంటే?

ఏ సిగ్నల్ ఎంచుకున్నారో చూడండి. ఒక్క వరుస పట్టే పెట్టెలో ‘టెక్స్ట్ ఛేంజ్డ్’ ఎవరు మార్చినా వస్తుంది, ‘టెక్స్ట్ ఎడిటెడ్’ వాడుకరి మార్చితేనే వస్తుంది. చెక్ బాక్స్‌లో ‘టాగుల్డ్’ ఎవరు మార్చినా వస్తుంది, ‘క్లిక్డ్’ వాడుకరి నొక్కితేనే.

స్పిన్ బాక్స్‌కు ఇలాంటి జంట లేదు. అక్కడ ‘క్యూ సిగ్నల్ బ్లాకర్’తో కాసేపు నోరు మూయించాలి. బిల్లులో అసలు ధర, 18 శాతం జీఎస్టీ కలిపిన ధర అని రెండు పెట్టెలు పెట్టి, ఏది మార్చినా రెండోది మారేలా కనెక్ట్ చేశారనుకోండి. కలిపిన ధరలో 59.03 టైపు చేస్తే అసలు ధర 50.03గా సర్దుకుంటుంది. దానికి పన్ను కలిపితే 59.0354, అంటే 59.04. ఆ విలువ తిరిగి వచ్చి వాడుకరి టైపు చేసిన దాన్నే దిద్దేస్తుంది. కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి కంప్యూటర్ తన మాట వినడం లేదనిపిస్తుంది. ఒక పెట్టె మారినప్పుడు రెండోదాని సిగ్నళ్లను ఆపి, విలువ మార్చి, మళ్లీ తెరవండి. ‘కీబోర్డ్ ట్రాకింగ్’ను కూడా ఆపేస్తే ప్రతి అంకెకూ కాకుండా టైపు చేయడం పూర్తయ్యాకే సిగ్నల్ వస్తుంది.

ఒక సిగ్నల్‌కు నాలుగు స్లాట్లు ఉంటే ఏది ముందు నడుస్తుంది?

కనెక్ట్ చేసిన వరుసలో. కానీ మీ ప్రోగ్రామ్ ఆ వరుస మీద ఆధారపడుతోందంటే, ఆ నాలుగు పనులనూ వరుసగా పిలిచే ఒక్క స్లాట్ రాయడం మేలు.

సిగ్నళ్లు నెమ్మదిగా ఉంటాయని విన్నాను.

ఫంక్షన్‌ను నేరుగా పిలవడంతో పోలిస్తే సుమారు పది రెట్లు నెమ్మది అని క్యూట్ డాక్యుమెంటేషనే చెబుతుంది. పాత వెర్షన్ల డాక్యుమెంటేషన్‌లో అదే చోట, ఐ586-500 అనే పాతకాలపు యంత్రం మీద కూడా ఒక స్లాట్ ఉన్న సిగ్నల్ సెకనుకు సుమారు 20 లక్షలసార్లు వెలువడగలదని ఉండేది. మీ వాడుకరి అంత వేగంగా నొక్కలేడు.

ఏది దేనికి ముడిపడి ఉందో చూసే దారి ఉందా? మళ్లీ తెగకుండా పరీక్ష రాయవచ్చా?

ఆబ్జెక్ట్ మీద ‘డంప్ ఆబ్జెక్ట్ ఇన్ఫో’ పిలిస్తే దాని ముళ్ల జాబితా డీబగ్ అవుట్‌పుట్‌లో పడుతుంది. ఒక సిగ్నల్ కింద ఉండాల్సినవాటికంటే ఎక్కువ ముళ్లు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

పరీక్షలకు ‘క్యూ సిగ్నల్ స్పై’ ఉంది. ఒక సిగ్నల్‌కు దాన్ని తగిలిస్తే, అది ఎన్నిసార్లు వెలువడిందో, ఏ విలువలు తెచ్చిందో లెక్కపెట్టి ఉంచుతుంది. ‘క్యూ టెస్ట్’లోని ‘మౌస్ క్లిక్’తో మనిషి నొక్కినట్టే బటన్ నొక్కించవచ్చు. పైథాన్‌లో పైటెస్ట్-క్యూట్ అనే ప్లగిన్ ఇదే పని చేస్తుంది. ఆ మందుల దుకాణం ప్రోగ్రామ్‌కు ఇప్పుడు ఇలాంటి పరీక్ష ఒకటి ఉంది. కస్టమర్ విండోను పదకొండుసార్లు తెరిచి మూసి, ప్రింట్ ఒక్కసారి నొక్కి, ప్రింట్ పూర్తయినట్టు వచ్చే సిగ్నల్ లెక్క 1 ఉందో లేదో చూస్తుంది.